బొగ్గుపొర నుంచి సాంఖ్యక శాస్త్రానికి: గనుల ప్రాంత పట్టభద్రుల అర్హత

కంప్యూటింగ్, సాంఖ్యక శాస్త్రాలలో స్నాతకోత్తర చదువుకు ఏటా వెలువడే ప్రవేశ ప్రకటనలలో ‘అర్హత’ అన్న శీర్షిక కింద సాధారణంగా డిగ్రీల పేర్లే కనిపిస్తాయి. ఆ పేర్ల వెనుక సంస్థ ఆశిస్తున్న గణితం ఎంత, ఆ గణితాన్ని వేరే దారిలో సంపాదించుకున్నవారికి తలుపు ఎంతవరకు తెరిచి ఉంది అన్న సంగతులను ప్రకటన విప్పి చెప్పదు. బీఎస్సీలో స్టాటిస్టిక్స్ గానీ, బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ గానీ చదివినవారికి ఈ మౌనం వల్ల ఇబ్బంది లేదు. మైనింగ్ ఇంజనీరింగ్ చదివి గనిలో దిగుతున్న యువకుడికి, ఇంటర్‌లో బైపీసీ తీసుకుని డిగ్రీలో జీవశాస్త్రాలు చదివిన కార్మికుడి కూతురికి, బీకాం పూర్తిచేసి ఏదో కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కలు రాస్తున్న వ్యక్తికి మాత్రం అది మూసిన తలుపులాగే తోస్తుంది. ఈ శాస్త్రాలకు పొరుగున గానీ దూరాన గానీ ఉన్న చదువు నుంచి, లేదా నేరుగా ఉద్యోగం నుంచి వచ్చే అభ్యర్థి స్థితినే ఇక్కడ ‘సంప్రదాయేతర నేపథ్యం’ అనడం జరిగింది. అటువంటి అభ్యర్థికి తక్కువైనది గణితమేనని, అది కష్టపడి సంపాదించుకోదగినదేనని, తనకు లోపంగా కనిపిస్తున్న గని నేపథ్యమే తాను తీసుకువెళ్లగల ప్రశ్నకు పుట్టిల్లని నిరూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

ఈ విషయాన్ని చర్చించడానికి పెద్దపల్లి జిల్లా రామగిరి మండలం కన్నా తగిన చోటు అరుదు. రామగిరి ఖిల్లా నీడలో ఉన్న ఈ నేల మీద ఓపెన్‌కాస్టు గనులు, నేల కింద అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టు నడుస్తున్నాయి. సింగరేణి తవ్వకాలకు నూరేళ్లు నిండిన సందర్భాన్ని పేరులోనే నిలుపుకున్న సెంటినరీ కాలనీ ఇక్కడిదే. ఆ కాలనీలో 2010లో ఏర్పడిన జేఎన్‌టీయూ హైదరాబాద్ వారి మంథని ఇంజనీరింగ్ కళాశాలలో మైనింగ్, కంప్యూటర్ సైన్స్ శాఖలు ఒకే ఆవరణలో ఉన్నాయి. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాక 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. 1990ల ఆరంభంలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య, భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు, తట్టా చెమ్మస్‌ల స్థానంలో యంత్రాలు వచ్చే కొద్దీ తగ్గుతూ ఇప్పుడు 40 వేల స్థాయికి చేరింది. స్థానికులు ‘బాయి’ అని పిలిచే గనిలో తండ్రి తరువాత కొడుకు దిగడం, వారసత్వ ఉద్యోగం, కంపెనీ క్వార్టరు అన్నవి ఒకప్పుడు కుటుంబం వేసుకునే ప్రణాళికకు పునాది రాళ్లు. ఆ పునాది కుదించుకుపోయిన తరం కంప్యూటర్ చదువు వైపు చూడటంలో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు. ఆశ్చర్యపడవలసింది, బాధపడవలసింది కూడా, ఆ తరం తన బాయి అనుభవాన్ని దరఖాస్తు కాగితం మీద దాచిపెట్టడానికి ప్రయత్నించడం గురించి.

సాంఖ్యక శాస్త్రం, అంటే జనవ్యవహారంలోని స్టాటిస్టిక్స్, చేతికందిన కొద్దిపాటి సమాచారం నుంచి చేతికందని మొత్తం గురించి ఏ మాట అనవచ్చో, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చో కొలిచి చెప్పే శాస్త్రం. దీన్ని నిర్మించినవారిలో చాలామంది బయటి నుంచి వచ్చినవారే. చిన్న నమూనాలతో నిర్ణయం చేయడానికి ఉపయోగించే టీ-పరీక్షను 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ప్రచురించిన విలియం గాసెట్, డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు తయారీ సంస్థలో పనిచేసిన రసాయన శాస్త్రజ్ఞుడు. 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ భౌతికశాస్త్ర ఆచార్యుడు. ఎవరి స్మృతికి ఈ ఉపన్యాసం అంకితమో ఆ ఆచార్య కలియంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు, 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎంఏ పట్టా పొంది, తగిన ఉద్యోగం దొరకక, సైన్యపు సర్వే విభాగంలో గణితజ్ఞుడి కొలువు కోసం ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లారు. ఆ కొలువు దక్కలేదు గానీ, మహలనోబిస్ సంస్థలో శిక్షణ ఇస్తారన్న సంగతి అక్కడే తెలిసి, 1941 జనవరిలో అందులో చేరి, కలకత్తా విశ్వవిద్యాలయం అప్పుడే ప్రారంభించిన సాంఖ్యక శాస్త్ర ఎంఏను తొలి జట్టు విద్యార్థిగా 1943లో పూర్తి చేశారు. రెండేళ్లకే, 1945లో, ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకు ఎక్కిన ఫలితాన్ని ప్రచురించారు. తెలియని రాశిని నమూనా నుంచి పక్షపాతం లేకుండా అంచనా వేయడానికి ఎంత తెలివైన సూత్రాన్ని కనిపెట్టినా, ఆ అంచనాలో ఉండే ఒడిదుడుకు ఒక నిర్ణీత హద్దు కన్నా తగ్గదనీ, ఆ హద్దును నిర్ణయించేది నమూనాలో ఉన్న సమాచార పరిమాణమేననీ ఆ ఫలితం చెబుతుంది. స్వీడన్ గణితజ్ఞుడు హెరాల్డ్ క్రామెర్ కూడా స్వతంత్రంగా దీన్ని చేరుకున్నందున దానికి క్రామెర్-రావు హద్దు అన్న పేరు స్థిరపడింది. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆ మహనీయుడు ఈ శాస్త్రంలోకి నిరుద్యోగిగా వచ్చిన గణిత పట్టభద్రుడన్న సంగతి, ఉద్యోగ ప్రకటనల కోసం ఎదురుచూసే ప్రతి విద్యార్థికీ తెలియవలసినది.

సి.ఆర్. రావుకు గణితం ముందే ఉంది కదా, గని మనిషి సంగతి వేరు అన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి సమాధానం దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనులలో దొరుకుతుంది. అక్కడ పనిచేసిన మైనింగ్ ఇంజనీరు డానీ క్రిగ్‌ను వేధించిన చిక్కు ఇది: చుట్టూ తీసిన నమూనాలను బట్టి బంగారం సమృద్ధిగా ఉందనుకున్న దిమ్మెలను తవ్వితే అంచనా కన్నా తక్కువ పలికేవి, పేదవనుకున్న దిమ్మెలు అంచనా కన్నా కొంత మెరుగ్గా తేలేవి. నమూనా తీసినవారి అజాగ్రత్త దీనికి కారణం కాదు. ప్రతి నమూనా విలువలో ఆ చోటి నిజమైన విలువతో పాటు యాదృచ్ఛికమైన హెచ్చుతగ్గు కూడా కలిసి ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ పలికిన నమూనాలను ఏరితే, నిజంగా విలువైన చోట్లతో పాటు అదృష్టం కలిసివచ్చిన చోట్లు కూడా ఏరుబాటులోకి వస్తాయి, తవ్వకం మొదలయ్యాక ఆ అదృష్టం కరిగిపోతుంది. ఈ లక్షణాన్నే సాంఖ్యక శాస్త్రంలో ప్రతిగమనం అంటారు. దిమ్మె చుట్టూ ఉన్న నమూనాల సగటును గని మొత్తం సగటు వైపు తగిన మేరకు లాగి సరిచేయాలని క్రిగ్ చూపించాడు. ఆ పని చేసిన కాగితం పేరు పొందిన ప్రొఫెసరు గ్రంథమేమీ కాదు, 1951లో విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయానికి ఆయన సమర్పించిన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసం.

ఫ్రాన్స్‌కు చెందిన మరో గనుల ఇంజనీరు జార్జ్ మాథెరాన్ 1960ల ఆరంభంలో ఈ ఆలోచనకు పూర్తి గణిత రూపమిచ్చి, క్రిగ్ గౌరవార్థం ‘క్రిగింగ్’ అని స్థిరపడిన పేరు పెట్టాడు. రెండు బోర్‌హోళ్ల మధ్య దూరం పెరిగే కొద్దీ వాటి విలువల తేడా ఏ విధంగా పెరుగుతుందో చూపే వక్రరేఖను వేరియోగ్రామ్ అంటారు. ఆ రేఖను ముందు గీసి, దాని ఆధారంగా ఏ బోర్‌హోలుకు ఎంత బరువు ఇవ్వాలో లెక్కకట్టి, బోరు వేయని చోట ఎంత ఉండవచ్చో, ఆ అంచనాలో ఎంత తప్పు ఉండవచ్చో రెండూ చెప్పడం క్రిగింగ్ పద్ధతి. భూగర్భ జలాలు, వర్షపాతం, గాలి కాలుష్యం పటాలు గీయడానికి ఇప్పుడు ఇదే పద్ధతి వాడుకలో ఉంది. ఇంకా ముఖ్యమైనది ఏమిటంటే, యంత్ర అభ్యసనంలో, అంటే ఉదాహరణల నుంచి కంప్యూటర్ తానే నియమాలు నేర్చుకునే శాస్త్రంలో, గాసియన్ ప్రాసెస్ అన్న పేరుతో బోధించే పద్ధతి సారంలో క్రిగింగే. రామగిరి విద్యార్థి డేటా సైన్స్‌కు పరాయివాడినని అనుకుంటూ వెళ్లి రెండో సెమిస్టర్‌లో నేర్చుకునే పాఠం ఒకటి తన తండ్రి వృత్తి లాంటి వృత్తిలోనే పుట్టిందన్నమాట.

ఇటువంటి ప్రశ్నలు ఇక్కడి గనులలో కొల్లలుగా ఉన్నాయి. 2012 నుంచి దేశంలో బొగ్గును దాని ఉష్ణ విలువను బట్టి జీ-1 నుంచి జీ-17 వరకు 17 గ్రేడులుగా విభజిస్తున్నారు. కిలోకు 300 కిలో కేలరీల తేడాతో గ్రేడు మారుతుంది, గ్రేడుతో పాటు ధర మారుతుంది. రైలు వ్యాగన్లలో వెళ్లే వేల టన్నుల నుంచి కొంత బొగ్గును నమూనాగా తీసి, నలగగొట్టి, పంచి, చివరకు ప్రయోగశాలలో మండించేది గ్రాము మాత్రమే. ఆ గ్రాము వేల టన్నులకు ఎంత నమ్మకంగా ప్రాతినిధ్యం వహిస్తుంది, హద్దు దగ్గర తేలిన ఫలితాన్ని ఏ గ్రేడుగా ప్రకటించాలి, ఆ నిర్ణయంలో అమ్మేవారి నష్టం, కొనేవారి నష్టం ఎలా తూకం వేయాలి అన్నది నిఖార్సైన సాంఖ్యక శాస్త్ర సమస్య. లాంగ్‌వాల్‌లో, అంటే బొగ్గు గోడను షియరర్ యంత్రం చెక్కుకుంటూ పోతుండగా హైడ్రాలిక్ సపోర్టుల వరుస పైకప్పును మోస్తూ ముందుకు జరిగే పద్ధతిలో, సపోర్టుల మీద పడే పీడనాన్ని పరికరాలు ఎడతెగకుండా నమోదు చేస్తాయి; ఆ అంకెల ప్రవాహంలో రూఫ్ ఒత్తిడి పెరుగుతున్న ఆనవాలును ముందుగా గుర్తించడం ప్రాణాలతో ముడిపడిన లెక్క. రూఫ్ చప్పుడు విని, కర్రతో తట్టి చూసి, పక్కకు తప్పుకోమని చెప్పగలిగే పాత మైనింగ్ సర్దార్ల విద్య కూడా అనుభవం నుంచి సంభావ్యతను అంచనా వేయడమే. ఆ విద్యను చిన్నచూపు చూసి ఈ శాస్త్రం నేర్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

అయితే ప్రశ్న చేతిలో ఉన్నంత మాత్రాన ప్రవేశం దొరకదు. తలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో, వాటి గడియలు ఏమిటో తెలియాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కు డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలన్న నిబంధన సాధారణం కనుక, చాలామందికి ఆ దారి మొదట్లోనే ఆగిపోతుంది. ఎంసీఏ దారి కొంత వెడల్పైనది: ఏ డిగ్రీ అయినా ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ గణితం చదివి ఉంటే ఐసెట్ ప్రవేశ పరీక్ష రాయవచ్చు, అందులోని 200 ప్రశ్నలలో 75 గణితానివి. 2020-21 నుంచి ఎంసీఏ మూడేళ్ల చదువు రెండేళ్లకు తగ్గింది, దానివల్ల ఖర్చు తగ్గినా, కంప్యూటర్ నేపథ్యం లేనివారు నిదానంగా కుదురుకోవడానికి ఉపకరించిన మొదటి సంవత్సరం కూడా దానితోపాటే పోయిందన్న సంగతిని గమనించవలసి ఉంది. వరంగల్ ఎన్‌ఐటీ వంటి సంస్థల ఎంసీఏకు నిమ్‌సెట్ అన్న వేరే పరీక్ష ఉంది. దాని మార్కులలో సగానికి పైగా గణితానికే కేటాయించారు.

బీటెక్ చదివినవారికి, అది మైనింగ్ అయినా మెకానికల్ అయినా, ఇంకా పెద్ద తలుపులు ఉన్నాయి. వాటిలో రెండింటి గురించి ఈ ప్రాంతంలో జరగవలసినంత ప్రచారం జరగలేదు. మొదటిది ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఎం.స్టాట్, ఎంటెక్ కంప్యూటర్ సైన్స్ కోర్సులు. ఏ శాఖ ఇంజనీరింగ్ పట్టభద్రులైనా వాటి పరీక్ష రాయవచ్చు. ట్యూషన్ ఫీజు లేకపోగా నెలనెలా స్టైపెండ్ ఇవ్వడం ఆ సంస్థ ఆనవాయితీ. కానీ ఆ పరీక్షలో జవాబు గుర్తిస్తే చాలదు, రెండో పత్రంలో నిరూపణలు రాయాలి; కోచింగ్ సెంటర్ల షార్ట్‌కట్ సూత్రాలకు అలవాటుపడినవారు అక్కడ తడబడతారు. రెండోది గేట్ పరీక్ష. అందులో 2019లో స్టాటిస్టిక్స్ పత్రం, 2024లో డేటా సైన్స్, కృత్రిమ మేధ పత్రం కొత్తగా చేరాయి. ఈ రెండో పత్రంలో సంభావ్యత, రేఖీయ బీజగణితం, కలన గణితం, ప్రోగ్రామింగ్, డేటాబేస్, యంత్ర అభ్యసనం ఉంటాయి. ఏ శాఖవారైనా రాయవచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. తరువాత ఏ సంస్థ ఏ శాఖ డిగ్రీని అంగీకరిస్తుందన్నది ఆయా సంస్థల ఇష్టం కనుక, దరఖాస్తుకు ముందు ఆ సంవత్సరపు బ్రోచర్‌ను స్వయంగా చదువుకోవడం తప్పనిసరి.

సంపాదించుకోవలసిన గణితం పరిమాణం భయపెట్టేంత పెద్దదేమీ కాదు, లోతు మాత్రం ఉండాలి. రేఖీయ బీజగణితం అంటే మాత్రికల ద్వారా అనేక రాశులను ఒకేసారి నడిపే విద్య. మైనింగ్ బీటెక్ మొదటి ఏడాదిలో అందరూ చదివినదే, పరీక్ష కాగానే అందరూ మరిచిపోయేదీ ఇదే. సంభావ్యత బొత్తిగా కొత్తగా నేర్చుకోవలసినవారే ఎక్కువ. కంప్యూటింగ్ వైపు వెళ్లేవారికి వివిక్త గణితం, అంటే విడివిడిగా లెక్కపెట్టదగిన వస్తువుల గణితం, డేటా స్ట్రక్చర్స్ అదనంగా కావాలి. వీటిని ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ పాఠాల ద్వారా నేర్చుకుని, వాటి పర్యవేక్షిత పరీక్షలు రాసి, ఆ ధ్రువపత్రాలను దరఖాస్తుకు జతచేయవచ్చు. ఎంపిక సంఘానికి కావలసింది ఆసక్తి గురించిన మాట కాదు, ఇటీవలి కాలంలో కష్టమైన గణితం నేర్చుకున్నట్టు చూపే సాక్ష్యం. వయసు దాటిందన్న బెంగ మాత్రం అనవసరం: 1957 నుంచి 1977 వరకు మంథనికి శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన పి.వి. నరసింహారావు అరవై దాటాక ప్రోగ్రామింగ్ నేర్చుకున్న సంగతిని ఆయన జీవితచరిత్ర రాసినవారు నమోదు చేశారు.

అందరికన్నా కఠినమైన గోడ ఇంటర్‌లో గణితం వదిలేసినవారిది, వారిలోనూ కాలనీల ఆడపిల్లలు ఎక్కువ. డాక్టరు చదువు మీద ఆశతో పదహారో ఏట బైపీసీ తీసుకుని, నీట్‌లో సీటు రాక బీఎస్సీలో చేరిన అమ్మాయికి ఎంసీఏ అర్హత కూడా ఖాయం కాదు. పదహారేళ్ల వయసులో టిక్కు పెట్టిన ఒక గడి ఇరవై రెండేళ్ల వయసులో కూడా శాసించడం అన్యాయమని స్పష్టంగా చెప్పవలసిందే. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ ఆ అన్యాయాన్ని కొంతవరకు సరిదిద్దింది: ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా చేరవచ్చు, జేఈఈ అక్కరలేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష నెగ్గితే చాలు. అది మళ్లీ డిగ్రీ స్థాయి చదువే, అంటే కాలం ఖర్చవుతుంది. కానీ ఫౌండేషన్ స్థాయిలోనే గణితం, స్టాటిస్టిక్స్ పునాది నుంచి బోధించే వ్యవస్థ అది. బైపీసీ నేపథ్యానికి సహజంగా అతికే శాఖ బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్య, జీవ పరిశోధనల సాంఖ్యక శాస్త్రం, అన్న సంగతి కూడా ఆ అమ్మాయిలకు ఎవరైనా చెప్పాలి.

విదేశీ దరఖాస్తుల విషయంలో హెచ్చరిక అవసరం. కంప్యూటర్ నేపథ్యం లేనివారి కోసమే ఉద్దేశించిన కోర్సులు అక్కడ నిజంగానే ఉన్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ఎంసీఐటీ అటువంటిది. 2014లో జార్జియా టెక్ ప్రారంభించిన ఆన్‌లైన్ మాస్టర్స్ మొత్తం ఫీజు సుమారు 7,000 డాలర్లు, ఉద్యోగం మానకుండా చదవవచ్చు. ఇటువంటివాటిని వదిలి, తండ్రి రిటైర్మెంట్ డబ్బును ఖర్చుపెట్టి, ఊళ్లోని పొలాన్ని తాకట్టు పెట్టి ఏ సంస్థలోనైనా సరే సీటు కొనిపించే ధోరణి కరీంనగర్ నుంచి గోదావరిఖని దాకా వ్యాపించింది. అభ్యర్థి తన చదువు ఉద్దేశాన్ని వివరిస్తూ స్వయంగా రాయవలసిన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను కన్సల్టెన్సీలు అచ్చు పోసి ఇవ్వడం ఆ ధోరణిలో భాగమే. చిన్ననాటి నుంచి కంప్యూటర్లంటే మక్కువ అని మొదలయ్యే పేజీ వేలమందిది కావచ్చు. సపోర్టుల మీది పీడనం షిఫ్టు మారే సమయంలో ఎందుకు ఎగుడుదిగుడుగా నమోదవుతుందో, అది పైకప్పు గుణమా, రాసే పద్ధతిలో లోపమా తేల్చడానికి ఏ గణితం కావాలో అడిగే పేజీ ఒక్కరిదే అవుతుంది. సిఫారసు లేఖ రాసే గని మేనేజరు కూడా అభ్యర్థి క్రమశిక్షణను పొగడటం కన్నా, అతడు ఏ రికార్డులో ఏ తప్పు పట్టుకున్నాడో నాలుగు వాక్యాలు రాస్తే మేలు చేసినవాడవుతాడు. ఇందులో ఒక జాగ్రత్త ఉంది: గని రికార్డులు కంపెనీ ఆస్తి, అనుమతి లేకుండా వాటిని బయటకు తీసుకుపోరాదు, అనుమతి దొరకనప్పుడు కోల్ కంట్రోలర్ కార్యాలయం ఏటా ప్రచురించే కోల్ డైరెక్టరీ వంటి బహిరంగ గణాంకాలతోనే చిన్న అధ్యయనం చేసి చూపవచ్చు.

ఇంతవరకు చెప్పిన భారమంతా అభ్యర్థి భుజం మీదనే వేయడం సరికాదు. సెంటినరీ కాలనీలో మైనింగ్, కంప్యూటర్ సైన్స్ శాఖల మధ్య ఉన్న కొద్ది గజాల దూరాన్ని తగ్గించడం వ్యక్తుల పని కాదు, సంస్థల పని. రేఖీయ బీజగణితం, సంభావ్యత, ప్రోగ్రామింగ్ అన్న మూడు పాఠాలతో ఆరు నెలల వారధి కోర్సు ఒకదాన్ని కళాశాల నడిపి, పాత బోర్‌హోల్ వివరాలలో గోప్యత అవసరం లేనివాటిని అభ్యాసం కోసం కంపెనీ ఇవ్వగలిగితే, క్రిగ్ ఎదుర్కొన్న చిక్కునే ఇక్కడి విద్యార్థి గోదావరి లోయ బొగ్గు అంకెలతో స్వయంగా ఎదుర్కోవచ్చు. ఆ కోర్సును కార్మికులకూ, వారి పిల్లలకూ, గణితం వదిలేసిన ఆడపిల్లలకూ తెరిచి ఉంచాలి. గనిలో షిఫ్టులు వారం వారం మారతాయి కనుక, ఏ పాఠాన్నైనా రోజుకు రెండుసార్లు, మొదటి షిఫ్టు దిగివచ్చినవారికి సాయంత్రం ఒకసారి, రెండో షిఫ్టుకు వెళ్లబోయేవారికి ఉదయం మరొకసారి, చెప్పవలసి ఉంటుంది.